పంపుకూ బోటి ఉంటుంది

మా వాడకట్టులో స్వప్న అనే అమ్మాయి ఉంది. ఐటీఐ చదివి, ఈమధ్యనే ఇక్కడి బాయిలో పంపుల సెక్షన్‌లో ఫిట్టర్‌గా చేరింది. గోదావరిఖని చుట్టుపక్కల బొగ్గుగనిని బాయి అనే అంటాం. నీళ్ల బాయి వేరు, ఈ బాయి వేరు. కానీ దీంట్లో కూడా నీళ్లకు కొదవ లేదు కాబట్టి పేరు పెట్టినవాడు మరీ తప్పు పెట్టలేదు. డ్యూటీకి పోయిన మొదటి వారమే ఆ పిల్ల మా ఇంటి ముందు బండి ఆపింది.

"కనకయ్య కాకా, మా మేస్త్రి పంపు ముందట కూసోని, 'అమ్మా, బోటి బయటికి తియ్యి' అంటుండు. నేను నీసే ముట్ట. గిదేం డ్యూటీ?"

"ఉప్పుకారం ఏసి తియ్యమన్నడా, ఉత్తగనే తియ్యమన్నడా?"

"కాకా, నేను నిజంగ అడుగుతున్న."

నిజంగా అడిగినవాళ్లకు నిజంగా చెప్పాలి. నీళ్లు తోడే పెద్ద పంపు మూత విప్పితే లోపల చాలా సామాను ఉంటుంది. నడుమ ఒక ఇరుసు, దాని మీద వరసగా ఎక్కించిన రెక్కల చక్రాలు, ఒక్కో చక్రానికి ఒక్కో రింగు, అటూ ఇటూ బేరింగులు. ఈ లోపలి సరుకు మొత్తానికి మా సెక్షన్‌లో ఒకటే పేరు, బోటి. ఆదివారం పొద్దున మటన్ కొట్టు ముందు నిలబడి అడిగే బోటే. మేక పేగులూ పొట్టా. ఇంజనీర్ల పుస్తకంలో దీన్ని ఇంటర్నల్స్ అంటారట. ఆ పుస్తకం నేను చదవలేదు. నేను ఆరో తరగతి చదివాను. రెండుసార్లు చదివాను కాబట్టి అది మాత్రం గట్టిగా వచ్చు.

స్వప్నకు డ్యూటీ టైం అయ్యి సగం విని వెళ్లిపోయింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఆమె లాంటి కొత్త పిల్లలు చదువుకుంటారు. ప్రమోషన్లు, సన్మానాలు, శాలువాలు దీంట్లో ఉండవు. శాలువా ఒకటి వచ్చింది, మా ఇంటావిడ దాన్ని కుట్టుమిషన్ మీద కప్పింది. ఇది ఒక మాట సంగతి. ఆ మాట పుణ్యమా అని ఒక మనిషి నౌకరి పోయేదాకా వచ్చిన సంగతి.

తట్ట దించి పానా పట్టాం

ఆ మనిషి పేరు ఓదెలు. నాదీ ఆయనదీ ఒకే ఊరు, వరసకు బావ. ఇద్దరం ఒకేసారి బాయిలో ఫిల్లర్లుగా చేరాం. ఫిల్లర్ అంటే చెమ్మసుతో, అంటే పారతో, బొగ్గు తట్టకెత్తి, తట్ట నెత్తికెత్తి, టబ్బులో పోయడం. టబ్బంటే పట్టాల మీద నడిచే ఇనుప బొగ్గుబండి. మళ్లీ ఎత్తడం, మళ్లీ పోయడం. తెలివితో పని లేదు కాబట్టి ఆ పనిలో నాకు మంచి పేరే వచ్చింది. ఓదెలు పేరు ఇంకా పెద్దది. టబ్బు పట్టా తప్పిందంటే నలుగురిని పిలిచేవాళ్లు కాదు, ఓదెలును పిలిచేవాళ్లు. ఆయన వీపు ఆనించి ఒక్క మూలుగు మూలిగితే టబ్బు సిగ్గుపడి పట్టా ఎక్కేది.

అలాంటి మనిషికి ఆయాసం పట్టుకుంది. తట్ట ఎత్తి నాలుగు అడుగులు వేస్తే గొంతులో పిల్లనగోవి మోగేది. దవాఖానలో డాక్టర్ చూసి తట్ట పని బందు పెట్టమన్నాడు. తేలిక పని దొరికితే చేసుకోవచ్చు, దొరకకపోతే అన్‌ఫిట్. అన్‌ఫిట్ అంటే ఇంటికే. ఇంటికి పోయి ఏం చేస్తాడు? ఊళ్లో ఉన్న చెలక అన్నదమ్ములు పంచుకుంటే ఓదెలు వాటాకు మేకను కట్టేసేంత జాగా వచ్చింది. ఆ మేకను కూడా ఆయనే కొనుక్కోవాలి.

అప్పుడే పంపుల సెక్షన్‌కు ఇద్దరు మనుషులు కావాలన్నారు. ఓదెలు పేరిచ్చాడు. ఆయన ఒక్కడే పోతే నా జోకులకు నవ్వేవాడు ఎవడూ ఉండడని నేనూ పేరిచ్చాను. అక్కడి ఫోర్‌మెన్ సాంబయ్య సారు మా ఇద్దరినీ కిందికీ మీదికీ చూశాడు. ఆయన నాలుక ఆకురాయి లాంటిది, ఎవరిని తాకినా కొంత పొట్టు రాలేది.

"వానకాలం ఎల్లిపోయేదాంక చూస్త. పనికొస్తె ఇక్కడుంటరు. లేకుంటె," అని నా వైపు వేలు చూపించి, "నువ్వు మల్ల తట్టకు," ఓదెలు వైపు చూపించి, "నువ్వు ఇంటికి," అన్నాడు.

బయటికి వచ్చాక ఓదెలు అన్నాడు, "బావా, నీకంటె తట్ట ఉన్నది. నాకు అది కూడ లేదు."

ఖాసిం ఉస్తాద్ దస్తర్‌ఖాన్

మమ్మల్ని ఖాసిం ఉస్తాద్ చేతిలో పెట్టారు. ఆయనది మందమర్రి. ఇంట్లో దక్కనీ, బయట మా తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి. పంపు ముందు కూర్చుంటే దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి అన్నానికి కూర్చున్నట్టు ఉండేది. ముందుగా ఒక గోనెపట్టా పరిచేవాడు. పంపులోంచి ఏది ముందు వస్తే అది ఎడమ చివర. దాని పక్కన రెండోది, దాని పక్కన మూడోది. అట్లా బోటి మొత్తం వరసగా పట్టా మీద పడుకునేది. ఆ పట్టాను ఎవ్వరూ దాటొద్దు. ఎంత పెద్ద ఆఫీసర్ వచ్చినా చుట్టూ తిరిగి రావాల్సిందే.

"ఉస్తాద్, చక్రాలన్నీ ఒక్కతీరుగనే ఉన్నయి గద. ఏది ఏడుంటె ఏంది?" అని మొదటి వారంలో అడిగాను.

"నీకు పెండ్లయిందారా?"

"అయింది."

"ఏ చక్రం ఏ రింగుతోటి ఉన్నదో, దాంతోటి రాసుకొని రాసుకొని అరిగి, ఆ రెండూ ఒకదానికొకటి సర్దుకొని ఉంటయి. మొగడు పెండ్లాం లెక్క. తీస్కపోయి పక్కింటి రింగుల పెట్టు, ఏమైతది?"

"లొల్లి అయితది."

"అయితది గద. పంపుల గూడ గదే లొల్లి."

బడిలో మాకు ఎన్నో పాఠాలు చెప్పారు. ఒక్కటీ ఇంత జల్ది ఎక్కలేదు.

ఈ మాట ఎవరు పెట్టారు

బోటి అనే మాట పంపుకు ఎట్లా అంటుకుందో చెప్పమంటే మా సెక్షన్‌లో మనిషికొక కథ చెప్పేవాడు. క్యాంటీన్‌లో చాయ్ పోసే పోశం, ఆ మాట పెట్టింది తానేనని ఒట్టేసేవాడు. ఆయన చాయ్ తాగినవాళ్లకు ఆయన ఒట్టు మీద నమ్మకం ఉండేది కాదు. ఇంకొకాయన తమ తాత బెల్లంపల్లి బాయిల్లో పనిచేసేటప్పుడే ఉందనేవాడు. బెల్లంపల్లి పేరు చెబితే ఎవరూ ఎదురు చెప్పరు. అది మాకన్నా పాత ఊరు, అక్కడ ఏదైనా మొదలై ఉండొచ్చు.

నాకు నచ్చింది మాత్రం ఖాసిం ఉస్తాద్ చెప్పిందే. ఆయన కొత్తగా చేరినప్పుడు ఆయనకు పని నేర్పింది రాజలింగు అనే పాత మేస్త్రి. ఒకరోజు రాజలింగు, "ఖాసిమూ, ఆ పంపు బోటి తీస్కరాపో," అన్నాడట. ఖాసిం పోయి ఒక్క రింగు పట్టుకొచ్చాడు.

"గిదేందిరా, ఒక్కటే తెచ్చినవ్? బోటి ఏది?"

"గిదే గద బోటీ."

"బోటంటె అంతా గదరా!"

"బోటీ అంటె ఒక్క తుక్డా గదనే!"

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఖాసిం ఇంట్లో బోటీ అంటే మాంసం ముక్క. ఒక ముక్క, అంతే. రాజలింగు ఇంట్లో బోటి అంటే కడుపులో ఉన్నదంతా. ఒకే మాట ఒక గడపలో ముక్క, పక్క గడపలో కుప్ప. ఇద్దరూ క్యాంటీన్ దాకా కొట్లాడుతూ పోయి, చాయ్ తాగుతూ రాజీ పడ్డారట. అప్పటి నుంచి లోపలి సరుకంతా బోటి. అందులోంచి ఒక్కటి కావాలంటే "బోటిల ఒక బోటీ". వినేవాడికి నత్తి అనిపిస్తుంది గానీ మా సెక్షన్‌లో ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

ఈ కథలో ఉస్తాద్ కొంత మసాలా కలిపి ఉంటాడు. కలిపినా నాకు అభ్యంతరం లేదు. పుట్టుక సంగతి ఎట్లున్నా, రెండిళ్ల మాట ఒక పంపు దగ్గర కలిసిందన్నది నేను కళ్లారా చూసినదే. మాట దారి తప్పడానికి మాత్రం బోటి అంటే ముక్కా కుప్పా అన్న తేడా కూడా ఉండాల్సిన పని లేదని మాకు ఆ వానకాలంలోనే తెలిసింది.

అవ్వ కడిగినట్టు

వానలు గట్టిగా పట్టాయి. బాయిలో అన్నింటికన్నా పల్లంలో నీళ్లు చేరే గుంట ఉంటుంది, దాన్ని సంపు అంటాం. దాని మీద రెండు పంపులు. పెద్ద పంపు నీళ్లు లాగడం తగ్గించేసింది. చిన్న పంపు ఒక్కటే ముక్కుతూ మూలుగుతూ నడుస్తోంది. అది కూడా ఆగితే పల్లంలో ఉన్న పనిచోటు మునుగుతుంది. ఆ పొద్దున షిఫ్టులో పెద్ద పంపు విప్పి బాగుచేసి నడిపించాలని సాంబయ్య సారు హుకుం.

ఉస్తాద్ పంపు విప్పాడు. పట్టా పరిచాడు. బోటి ఒక్కొక్కటిగా బయటికొచ్చి వరసలో పడుకుంది. అంతా మట్టి, బొగ్గుపొడి, జిగట. అదే సమయంలో చిన్న పంపు గాలి మింగడం మొదలుపెట్టింది. నీళ్లలో ఉన్న దాని పైపు మూతికి చెత్త పట్టినట్టుంది. ఉస్తాద్ లేచి నన్ను రమ్మన్నాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "ఓదెలూ, మేమొచ్చేవరకు బోటి కడిగిపెట్టు," అన్నాడు.

మా సెక్షన్‌లో బోటి కడగడమంటే ఒక్కో సామాను ఎత్తి, నీళ్లలో ముంచి, గుడ్డతో తుడిచి, మళ్లీ ఎక్కడిది అక్కడే పెట్టడం. ఆ సంగతి అందరికీ తెలుసు. అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఓదెలుకు చెప్పలేదు.

ఓదెలుకు తెలిసిన బోటి కడగడం వేరు. వాళ్ల అవ్వ బోటి వండితే నాలుగిళ్ల అవతలికి వాసన పోయేది. కడగడం చిన్నప్పటి నుంచి ఓదెలు పనే. అంతా ఒక్క గంపలో వేసి, ఉప్పూ సున్నమూ పట్టించి, తిప్పి తిప్పి రుద్ది, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి, పెద్ద ముక్కలు ఒక పక్క, సన్న పేగులు ఒక పక్క పెట్టాలి. వాసన పోవాలి, తెల్లగా రావాలి. అట్లా కడగని బోటి కడిగినట్టే కాదు.

చిన్న పంపు మూతికి పట్టిన చెత్త తీసి మేం తిరిగొచ్చేసరికి గోనెపట్టా ఖాళీగా ఉంది. దాన్ని కూడా ఉతికి ఆరేశాడు. పక్కన బండ మీద చక్రాలన్నీ ఒక దొంతి, రింగులన్నీ గాజుల దుకాణంలో లాగా ఇంకో దొంతి, చిన్న సామానంతా ఒక తట్టలో. అన్నీ ఇసుకతో తోమి మెరిపించాడు. ఓదెలు చెమటలు కక్కుతూ, గొంతులో పిల్లనగోవి మోగుతూ, మొఖం నిండా నవ్వుతో నిలబడ్డాడు.

"సూడు ఉస్తాద్. మొఖం చూసుకోవచ్చు."

ఉస్తాద్ మొఖం చూసుకోలేదు. పట్టా ఉండాల్సిన చోట ఖాళీ నేల మీద కూర్చున్నాడు. ఒక రింగు చేతిలోకి తీసుకుని అడిగాడు.

"ఎట్ల కడిగినవ్ బిడ్డా?"

"మా అవ్వ కడిగినట్టే."

"మంచిగనే కడిగినవ్. కని మీ అవ్వ బోటి కడిగినంక మేకను మల్ల లేపి నడిపియ్యాలె అనుకోలే గద. మనం నడిపియ్యాలెరా."

అప్పుడు అర్థమైంది ఓదెలుకు. నవ్వు అట్లాగే ఉండిపోయింది, దాని వెనక మనిషి మాత్రం లేడు. దొంతుల వైపు చూశాడు, నీళ్ల వైపు చూశాడు. "ఇంకేముంది, నేను ఇంటికే," అన్నాడు. ఎవరితోనో కాదు, తనతో తానే.

మేకను లేపడం

సరిగ్గా అప్పుడే చిన్న ఇంజనీర్ సారు వచ్చాడు. కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన పిల్లవాడు, కళ్లద్దాలు, మెత్తటి మాట. గుడ్డు కూడా ముట్టడు.

"ఎందుకండీ అందరూ అలా కూర్చున్నారు? సామానంతా శుభ్రంగానే ఉంది కదా?"

"బోటి కలిసిపోయింది సార్," అన్నాను.

"బోటి అంటే?"

నేను మేకతో మొదలుపెట్టి విడమరిచి చెప్పాను. పేగుల దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తి, "చాలు, పంపు సంగతి చెప్పండి," అన్నాడు. పంపు సంగతి చెప్పాను. అప్పుడు ఆయన మొఖం మా మొఖాల్లో కలిసిపోయింది.

నేను చాలామంది ఆఫీసర్లను చూశాను. ఇలాంటప్పుడు కొందరు అరుస్తారు. కొందరు గడియారం చూసుకుని, మీదికి పోయి ఫోన్ చేస్తామంటారు. ఈ పిల్లవాడు ప్యాంటు మడిచి బురదలో కూర్చుని, టోపీకున్న దీపం తీసి చేతిలో పట్టుకున్నాడు. చక్రం అంచు మీద వెలుగు అడ్డంగా పడేట్టు పట్టి, "ఖాసిం గారూ, ఇక్కడ గీత చూడండి. ఇలాంటి గీతే ఉన్న రింగు వెతకాలి," అన్నాడు. ఉస్తాద్ బొటనవేలితో రింగు లోపల తడిమి, "గిది కాదు. గిది కాదు. ఆ, గిదీ," అన్నాడు. ఒకరిది కన్ను, ఒకరిది వేలు. అట్లా కొన్ని జంటలు దొరికాయి.

మిగతావి మొండికేశాయి. అప్పుడు ఇంజనీర్ సారు చక్రం అంచుకు పల్చగా గ్రీజు పూసి రింగులో పెట్టి తిప్పమన్నాడు. అసలు జంటయితే గ్రీజు చుట్టూ సమంగా అంటుకుంటుంది, కాకపోతే ఒక పక్కనే అంటుతుంది. పెళ్లిచూపులు మొదలయ్యాయి. నేను చక్రాలు అందించాను, ఉస్తాద్ తిప్పాడు, సారు దీపం పట్టాడు.

ఓదెలు దూరంగా నిలబడ్డాడు. ఉస్తాద్ తలెత్తకుండానే పిలిచాడు.

"గక్కడ నిలవడి ఏం జేస్తున్నవ్? కడిగినోనివి నువ్వు. చేతుల వట్టుకున్నవ్ గద. ఏది ఎట్లున్నదో యాది జేస్కో."

ఓదెలు వచ్చి కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. "ఒక రెక్క ఇరిగిన చక్రం ఉన్నది ఉస్తాద్. గది పట్టా ఈ చివరకుండె. నా మోకాలు తగిలింది," అన్నాడు. ఇంకొంచెం ఆలోచించి, "దాని పక్కదానికి మస్తు తుప్పు, గోకితె గోకితె పోలె," అన్నాడు. అవి రెండూ దొరికాయి. రెండు దొరికితే వరసకు ఒక కొస దొరికినట్టే.

ఈ లోపు నీళ్లు పైకొస్తూనే ఉన్నాయి. పల్లం వైపు పెట్టిన నా అన్నం డబ్బా తేలుతూ బయల్దేరింది. లోపల చారు ఉంది. మా ఇంటావిడ చారులో ఇంకొన్ని నీళ్లు కలిసినా తేడా తెలియదని పైకే అని వదిలేశాను. ఆ మాటకు అందరికన్నా ముందు ఓదెలే నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇరుసు మీద చివరి చక్రం ఎక్కుతుండగా సాంబయ్య సారు దిగొచ్చాడు. తడిసిన గోనెపట్టా, మెరుస్తున్న సామాను, బురదలో ఇంజనీర్. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

"బోటి కలిపినోడు ఎవడు?"

ఓదెలు లేచాడు. నోరు తెరిచేలోపే ఉస్తాద్ మాట్లాడాడు.

"కడుగు అన్న సార్. కడిగిండు. ఎట్ల కడుగాల్నో చెప్పలే. నా నోట్లెకెల్లి వచ్చిన మాట ఒకటి, ఆయన చెవుల పడ్డది ఒకటి. తప్పు నడుమల ఉన్నది."

"నడుమల ఉన్నదానికి సస్పెండ్ ఎట్ల రాయాలె?" అన్నాడు సాంబయ్య సారు. జోకు కాదు, నిజంగానే అడిగాడు. తర్వాత మా అందరి వైపు వేలు తిప్పాడు. "ఇయ్యాల్టి నుంచి ఎవని నోట్లె బోటి అనే మాట ఇనవడొద్దు. ఇంటర్నల్స్ అనుండ్రి. మనుషుల లెక్క మాట్లాడుండ్రి." ఓదెలు దగ్గరికి వచ్చి ఆగాడు. "నీ సంగతి వానలు ఎల్లినంక."

పంపు మూత బిగించి బటన్ నొక్కాం. మొదట ఒక దగ్గు దగ్గింది, తర్వాత గొంతు సవరించుకుంది. మునుపటంత జోరు లేదు, కానీ లాగింది. షిఫ్టు దిగేసరికి నీళ్లు తగ్గుముఖం పట్టాయి. నా డబ్బా ఒక మూలన తగులుకొని దొరికింది.

ఇంటర్ చదివిన పంపు

మాట బందయింది. పని చేసేటప్పుడు నాలుక తడబడేది. "ఇంటర్నల్స్" అనబోయి క్యాంటీన్‌లో పోశం కూడా "ఇంటర్" దగ్గరే ఆగిపోయేవాడు. మేమంతా బడి ఎగ్గొట్టిన వాళ్లం, పంపు ఒక్కటే ఇంటర్ దాకా పోయిందని నేనంటే ఉస్తాద్ కూడా నవ్వాడు. నవ్వాడు గానీ సాంబయ్య సారు మాట దాటలేదు. ఆయన పద్ధతి అది. పై మనిషి మాట నచ్చకపోయినా పని దగ్గర దాటేవాడు కాదు.

ఉస్తాద్ ఇంకో పని మొదలుపెట్టాడు. ఏ పని చెప్పినా చివర, "నేనేం చెప్పిన? చెప్పు," అని అడిగేవాడు. మేం మా మాటల్లో తిరిగి చెప్పాలి. మొదట్లో నాకు నామోషీగా ఉండేది, పిల్లలకు ఎక్కాలు అప్పజెప్పించినట్టు. తర్వాత తెలిసింది, ఆయన పరీక్ష పెడుతున్నది మాకు కాదు, తన మాటకు. మాట అటు చేరిందా లేదా అని చూసుకుంటున్నాడు.

ఓదెలు మారిపోయాడు. పంపు విప్పితే చాలు, పట్టా దగ్గర కాపలా కుక్క లాగా కూర్చునేవాడు. అంతటితో ఆగలేదు. ఒకరోజు సన్న ఇనుప తీగ ముక్కలు తెచ్చుకున్నాడు. ఏ చక్రం బయటికొస్తే దాన్నీ దాని రింగునూ కలిపి తీగతో ముడేశాడు.

"గిదేందిరా?" అన్నాడు ఉస్తాద్.

"మొగడు పెండ్లాం అన్నవ్ గద. తాళి కట్టిన. ఇగ ఎవడు కడిగినా విడిపోరు."

ఉస్తాద్ ఆ ముడిని వేలితో లాగి చూశాడు. ఊడలేదు. తన సంచిలోంచి మంచి తీగ చుట్ట తీసి ఓదెలు ఒళ్లో వేశాడు. ఏమీ అనలేదు. ఆ తర్వాత మా సెక్షన్‌లో తాళి కట్టకుండా పంపు విప్పినవాళ్లు లేరు. చిన్న ఇంజనీర్ సారు జంటలకు అంకెలు కొట్టించాలన్నాడు, కొట్టించాడు కూడా. మంచి పనే. కానీ మా బాయి నీళ్లు ఇనుమును తినేస్తాయి, అంకెలు కొన్నాళ్లకు చెరిగిపోయేవి. తాళి మాత్రం ప్రతిసారీ కొత్తదే.

స్వప్నా, మిగతా పిల్లలూ, మీకు చెప్పదలుచుకున్నది ఇదే. పనిలో మీకు చాలా మాటలు వినిపిస్తాయి. కొన్ని మోటువి, కొన్ని వంటింటివి, కొన్ని మీ ముందు చెప్పలేనివి. నవ్వొస్తే నవ్వండి, కానీ అర్థం అడగండి. తెలిసిన మాటయితే ఇంకో రెండుసార్లు అడగండి. తెలియని మాట దగ్గర మనిషి ఆగి అడుగుతాడు. తెలిసిన మాట దగ్గర ఆగడు, తన ఇంట్లో ఉన్న అర్థం వేసుకుని ముందుకు పోతాడు. మీరు చెప్పేవాళ్లయినప్పుడు "నేనేం చెప్పిన?" అని అడగడానికి సిగ్గుపడకండి.

పై మనుషుల గురించి కూడా ఒక మాట. నాకు దొరికినవాళ్లు అందరికీ దొరకరని తర్వాత తెలిసింది. నేర్పినదానికి కూలి అడగని ఉస్తాద్, బురదలో కూర్చున్న ఇంజనీర్. సాంబయ్య సారును మేం చాటుగా చాలా తిట్టుకున్నాం, నేను కాస్త ప్రాస కలిపి తిట్టాను. కానీ ఆయన ఆ రోజు ఏమీ రాయలేదు. కోపంలో ఉన్న మనిషి చేతిలో కలం ఉండీ రాయకపోవడం చిన్న సంగతి కాదు. ఇప్పుడు ముగ్గురినీ తలుచుకుంటే నా వంతుకు అదృష్టం ఎక్కువే వచ్చిందనిపిస్తుంది. తూకంలో ఎవరో మొగ్గు వేశారు.

ఫోన్

వానలు వెనకబట్టాయి. ఓదెలు రోజులు లెక్కపెట్టుకోవడం మానేశాడు. లెక్కపెడితే జల్ది అయిపోతాయని భయం. సాంబయ్య సారు ఎదురైతే పక్కకు ఒదిగి నిలబడేవాడు. సారు చూడనట్టే పోయేవాడు.

పోయే వానలు పోతూ పోతూ ఒక దెబ్బ కొట్టి పోతాయి. ఆ రోజు పెద్ద పంపు మళ్లీ మొండికేసింది. ఖాసిం ఉస్తాద్ లీవులో ఉన్నాడు, మందమర్రిలో తమ్ముడి కూతురి పెళ్లి. ఉన్నది నేనూ ఓదెలూ. ఎవరి కోసమూ ఎదురుచూడకుండా ఓదెలు పట్టా పరిచి పంపు విప్పడం మొదలుపెట్టాడు. ఇది కూడా తప్పితే, తప్పు నడుమ ఉందని చెప్పి అడ్డుపడడానికి ఇక ఉస్తాద్ లేడు.

గోడకున్న ఫోన్ మోగింది. ఎత్తాను. మీద నుంచి సాంబయ్య సారు, ఊపిరి ఆడని తొందరలో ఉన్నాడు.

"ఎవడ్రా? కనకయ్యా? బోటి బయటికొచ్చిందా?"

ఇలాంటి అవకాశం మనిషికి జన్మలో ఒక్కసారే వస్తుంది.

"సార్, గా మాట అనొద్దన్నరు గద."

అటు పక్క బల్ల మీద గట్టిగా చరిచిన చప్పుడు వినిపించింది.

"నీ యవ్వ, కనకయ్యా, మీదికొచ్చినంక నీ బోటి తీస్త. చెప్పు. ఎవడు తీస్తున్నడు?"

"ఓదెలు, సార్."

"ఖాసిం ఏడి?"

"లీవు సార్. ఓదెలు ఒక్కడే."

నేను ఓదెలు వైపు చూశాను. ఆయనకు నా మాటలే వినిపిస్తున్నాయి. తన పేరు విన్నాడు. చేతులు ఆగలేదు గానీ వీపు బిగుసుకుంది.

"తాళి కట్టిండా?"

"కట్టిండు సార్. అన్నింటికీ."

"అయితె ఇంకెవ్వర్ని చెయ్యి వెట్టనియ్యకు. నువ్వు గూడ దూరముండు, నీ చెయ్యికంటె నీ నోరే జల్దిగ నడుస్తది. పంపు నడిచినంక ఆయనను రేపు ఆఫీసుకు రమ్మను. పంపుల సెక్షన్ల పేరు ఎక్కిద్దాం. తట్ట లేదు, ఇల్లు లేదు. ఈడనే."

ఫోన్ పెట్టేశాడు. నేను ఉరికినంత పని చేశాను. పట్టా అడ్డం వచ్చింది. చుట్టూ తిరిగి ఓదెలు పక్కకు చేరాను.

"బావా, అయిపోయింది! సారు నీ పేరు ఎక్కిస్తన్నడు! ఈడనే ఉంటవ్, ఇంటికి పోవుడు లేదు!"

ఓదెలు తలెత్తి నన్ను చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుందామంటే ఒక చేతిలో చక్రం, ఇంకో చేతిలో తీగ. మోచేత్తో ముక్కు తుడుచుకున్నాడు.

"చేతులు ఖాళీ లేవు బావా. పంపు నడిచినంక సంబురపడుత. ముందుగాల ఆ రింగు ఇటియ్యి."

ఇచ్చాను.